ఇవాళ్టి గండి, రేపటి గట్టు: ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో లైన్‌మన్ ఎంపికపై తెగని వాదం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా ఏప్రిల్ నెలాఖరున మూడు రోజుల పాటు డ్రాఫ్ట్ జరుగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలో లాగా ఇక్కడ పాట ఉండదు. కిందటి సీజన్‌లో అందరికన్నా వెనకబడ్డ జట్టుకు మొదటి వంతు, ఛాంపియన్‌కు చివరి వంతు. వంతు వచ్చినప్పుడు ఒక్క పేరే చెప్పాలి. ఆ పేరు తప్పయితే దాని ఫలితం ఏళ్ల తరబడి మైదానంలో కనిపిస్తూనే ఉంటుంది.

టీవీల్లో చర్చంతా బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌ల చుట్టూ తిరుగుతుంది. జట్లను నడిపేవాళ్లను ఎక్కువ ఇరుకున పెట్టేది మాత్రం లైన్‌మన్ల ఎంపిక. రెండు మూడేళ్లలో ఎంతవాడవుతాడో చూసి తీసుకోవాలా? ఈ సెప్టెంబరులో ఖాళీగా ఉన్న చోట నిలబడగలడా అని చూసి తీసుకోవాలా? దశాబ్దాలుగా రెండు పక్షాలూ ఉదాహరణలు కూడబెట్టుకుంటూ వచ్చాయి. ఒకే ఉదాహరణను ఇద్దరూ తమదిగా చెప్పుకునేదాకా వచ్చింది కాబట్టి లెక్క ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

లైన్‌మన్ దగ్గరే ఇంత పేచీ ఎందుకు?

బంతి కదిలే ముందు రెండు జట్ల వైపునా ఎదురెదురుగా నిలబడే భారీకాయులే లైన్‌మన్లు. దాడి చేసే వైపు ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి చెరో పక్కా గార్డ్, ఆ పక్కన టాకిల్. వీళ్లలో చాలామంది 136 కిలోలు, అంటే 300 పౌండ్లు, దాటిన మనుషులు. క్వార్టర్‌బ్యాక్‌ను కాచుకోవడం, బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దారి చేయడం వీళ్ల పని. ఎదుటి వైపు డిఫెన్సివ్ లైన్ ఆ కాపలాను చీల్చుకుని వెళ్లాలి.

ఎడమ టాకిల్ పనిని కాస్త దగ్గరగా చూడండి. బంతి కదలగానే ఎడమ పాదం వెనక్కి, పక్కకి జారాలి. కుడి పాదం దాన్ని వెంబడించాలి కానీ రెండూ దగ్గరపడకూడదు. నడుము దిగి ఉండాలి, తల ముందుకు వాలకూడదు. ఎదుటివాడు చేతికి అందే దూరంలోకి వచ్చేదాకా చేతులు దాచుకోవాలి. ఒక్క క్షణం ముందు చాపితే వాడు వాటిని కొట్టి పక్కకు తోసేస్తాడు, ఒక్క క్షణం ఆలస్యమైతే వాడి చేతులే ఇతని ఛాతీ మీద ఉంటాయి. ఇదంతా వెనక్కి నడుస్తూ, తనకన్నా చురుకైనవాడి మీద, మూడు సెకన్ల లోపల జరగాలి. అంత బరువు, అంత పొడవు చేతులు, అంత చురుకైన పాదాలు ఒకే ఒంట్లో ఉన్న మనుషులు లోకంలో బహు తక్కువ. ఆ ఒడ్డూపొడుగూ నేర్పితే రావు. అడుగు వేయడం, చెయ్యి ఎప్పుడు చాపాలో తెలియడం నేర్పితేనే వస్తాయి. ఒంటిని కొనుక్కుని పనితనం మనం నేర్పుకుందామా, పనితనం ఉన్నవాణ్ణే తెచ్చుకుని ఒంటి విషయంలో సర్దుకుందామా? వాదం మూలం ఇదే.

ఇక్కడి దాకా ఎలా వచ్చింది?

తొలి డ్రాఫ్ట్ 1936లో ఫిలడెల్ఫియాలో జరిగింది. బలహీన జట్లకు ముందు వంతు ఇవ్వాలన్న ఆలోచన ఆ ఊరి జట్టు ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్‌ది. 1960లలో డాలస్ కౌబాయ్స్ పద్ధతి మార్చింది. జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్, ఆటగాళ్ల వేట చూసే గిల్ బ్రాంట్ కంప్యూటర్‌ను రంగంలోకి దించారు. ఆ లెక్కల వెనక ఉన్నది భారతదేశం నుంచి వెళ్లిన గణాంక శాస్త్రవేత్త సలామ్ ఖురేషీ. ఫుట్‌బాల్‌తో పెద్ద పరిచయం లేని ఆయన, స్కౌట్లు మాటల్లో చెప్పే గుణాలను కొలవదగిన అంకెలుగా మార్చే పద్ధతి తయారుచేశాడు. ఏ స్థానం ఖాళీగా ఉందన్నది పక్కనపెట్టి, ఉన్నవాళ్లలో ఉత్తముణ్ణి తీసుకోవాలన్న సూత్రం డాలస్ పేరుతో ముడిపడిపోయింది.

1985 నవంబరు 18న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థీస్‌మన్ కాలు ఎదుటి జట్టు డిఫెండర్ లారెన్స్ టేలర్ దాడిలో విరిగింది. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కనిపించని వైపును కాచే ఎడమ టాకిల్ విలువ ఎంతో చెప్పేటప్పుడు అందరూ ఆ రాత్రి దగ్గరే మొదలుపెడతారు. మైకేల్ లూయిస్ 2006లో రాసిన ‘ద బ్లైండ్ సైడ్’ ఆ కథను ఇంటింటికీ చేర్చింది. 1993లో ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టుకు వెళ్లగలిగే ఫ్రీ ఏజెన్సీ, 1994లో జట్టు జీతాలకు పరిమితి పెట్టే సాలరీ క్యాప్ వచ్చాక అనుభవజ్ఞుడైన టాకిల్‌ను బజారులో కొనడం భారమైంది, మంచి టాకిల్‌ను చవగ్గా సంపాదించే దారి డ్రాఫ్ట్ ఒక్కటే అయింది. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం దాన్ని ఇంకా చవక చేసింది. 2010లో మొదటి పిక్ (ఎంపిక) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కితే, మరుసటి ఏడు మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లే. కొత్తవాడు పనికిరాకపోతే జట్టు ఆర్థికంగా కుదేలయ్యే రోజులు పోయాయి. దానితో ‘పచ్చివాడైనా పర్లేదు’ అనే ధైర్యం పెరిగింది.

సత్తాను నమ్మేవాళ్లు

వీళ్లకు మూలస్తంభం లాంటి ఉదాహరణ 1996 బాల్టిమోర్. రేవెన్స్‌కు అది మొట్టమొదటి డ్రాఫ్ట్, చేతిలో నాలుగో పిక్. యజమాని ఆర్ట్ మోడెల్ మనసు రన్నింగ్ బ్యాక్ లారెన్స్ ఫిలిప్స్ మీద ఉంది. ఎడమ టాకిల్ స్థానంలో టోనీ జోన్స్ అప్పటికే ఉన్నాడు. అయినా ఆటగాళ్ల ఎంపిక చూసే ఆజీ న్యూసమ్ పట్టుబట్టి టాకిల్ జొనాథన్ ఆగ్డెన్‌ను తీసుకున్నాడు. తొలి ఏడాది ఆగ్డెన్‌ను గార్డ్‌గా ఆడించారు. జోన్స్ వెళ్లిపోయాక ఎడమ టాకిల్ అతనిదే అయింది. 2013లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఫిలిప్స్ కెరీర్ త్వరగానే చెదిరిపోయింది.

తర్వాతి తరం ఉదాహరణ లేన్ జాన్సన్. జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్, ఓక్లహోమాకు వచ్చాక టైట్ ఎండ్, ఆపైన డిఫెన్సివ్ ఎండ్; చివరి రెండేళ్లే టాకిల్. 2013లో ఈగల్స్ అతణ్ణి నాలుగో పిక్‌గా తీసుకుంది. ఆ ఏడు మొదటి నాలుగు పిక్‌లలో ముగ్గురు టాకిల్సే: మొదట ఎరిక్ ఫిషర్, రెండోది ల్యూక్ జోకెల్, నాలుగోది జాన్సన్. ముగ్గురిలో ఆటలో నలిగినవాడు, రేపే దింపినా ఆడతాడని పేరు పడ్డవాడు జోకెల్. జాక్సన్‌విల్‌లో అతని కథ ఎదుగుదల లేకుండానే ముగిసింది. అందరికన్నా పచ్చివాడనిపించిన జాన్సన్ తొలి మ్యాచ్ నుంచే కుడి టాకిల్‌గా దిగి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో రెండు విజయాల్లో పాలుపంచుకున్నాడు.

అయితే ఈ పక్షం తలెత్తి చెప్పుకోలేని పేర్లూ ఉన్నాయి. 1989లో గ్రీన్ బే రెండో పిక్‌తో టోనీ మాండరిచ్‌ను తీసుకుంది. ఆ కండలు, ఆ వేగం చూసి శతాబ్దానికొక లైన్‌మన్ అనుకున్నారు. ఆ ఏడు మొదటి ఐదుగురిలో మిగతా నలుగురూ, ట్రాయ్ ఏక్‌మన్, బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్, హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. మాండరిచ్ గ్రీన్ బేలో నిలవలేదు. కాలేజీ రోజుల్లో స్టెరాయిడ్లు వాడానని తర్వాత తానే ఒప్పుకున్నాడు. 2008లో న్యూయార్క్ జెట్స్ ఆరో పిక్ వర్నన్ గోల్‌స్టన్‌ది ఇంకో రకం. కొలతల్లో ఎవరికీ తీసిపోడు, కానీ కెరీర్ మొత్తంలో ఒక్క శాక్ కూడా, అంటే బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను నేలకూల్చడం, చేయలేదు. కాలేజీ ఆటగాళ్లను పరీక్షించేందుకు ఇండియనాపొలిస్‌లో ఏటా జరిగే కంబైన్‌లో స్టాప్‌వాచ్ పరుగును కొలుస్తుంది, టేపు చేతుల పొడవును కొలుస్తుంది. ఎదుటివాడు చెయ్యి కొట్టేశాక రెండో ఎత్తు ఏమిటో తోచే తెలివిని కొలిచే సాధనం అక్కడ లేదు.

అవసరమే ముందు అనేవాళ్లు

వీళ్ల వాదానికి బలం హ్యూస్టన్ ఇచ్చింది. 2002లో కొత్తగా పుట్టిన టెక్సన్స్ మొదటి పిక్‌గా క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ను తెచ్చుకుంది. అతణ్ణి కాయవలసిన ఎడమ టాకిల్ టోనీ బొసెల్లి భుజం గాయాల వల్ల ఆ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. ఆ సీజన్‌లో కార్‌ను 76 సార్లు శాక్ చేశారు, లీగ్ చరిత్రలో అదే రికార్డు. మొదటి ఏడాదే అన్ని దెబ్బలు తిన్న కుర్రాడికి, రెండేళ్లలో మంచి లైన్ వస్తుందన్న మాట వల్ల ఒరిగేదేమీ లేదు. భవిష్యత్తు కోసం ఆగుదామన్నప్పుడు ఆ ఆగడం ఎవరి ఒంటి మీద జరుగుతోందో చూడమని ఈ పక్షం అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే అది.

వీళ్లు చూపే మంచి ఉదాహరణ 2021 కాన్సస్ సిటీ చీఫ్స్. ఆ ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఇద్దరు టాకిల్సూ గాయాలతో దూరమై, క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆట సాంతం ప్రాణం అరచేత పట్టుకుని పరిగెత్తాడు. టాంపా బే 31–9తో గెలిచింది. చీఫ్స్ ఏ దాపరికమూ లేకుండా అవసరం వెంట వెళ్లింది. ఆర్లాండో బ్రౌన్‌ను ట్రేడ్‌లో, జో థూనీని ఫ్రీ ఏజెన్సీలో తెచ్చింది. డ్రాఫ్ట్‌లో 63వ పిక్‌తో సెంటర్ క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో గార్డ్ ట్రే స్మిత్ వచ్చారు. ఇద్దరూ తొలి మ్యాచ్ నుంచే ఆడారు. ఆ తర్వాత రెండు సూపర్ బౌల్‌లు వరసగా గెలిచింది ఆ జట్టు.

2013లో డాలస్ 18వ స్థానం నుంచి వెనక్కి జరిగి 31వ పిక్‌తో సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకున్నప్పుడు తొందరపడిందన్నారు. మొదటి రోజు నుంచే ఆడి, లీగ్ ఉత్తముల జాబితా ఆల్-ప్రోలో చేరాడు. ఇక్కడ గమనించదగింది ఒకటుంది. హంఫ్రీ, స్మిత్, ఫ్రెడరిక్, 2011లో ఆరో రౌండ్‌లో వచ్చి తొలి సీజన్ అన్ని మ్యాచ్‌లూ ఆడిన ఫిలడెల్ఫియా జేసన్ కెల్సీ, అందరూ లోపలి స్థానాలవాళ్లే. సెంటర్‌కు, గార్డ్‌కు ఇరుపక్కలా తోడు ఉంటుంది. టాకిల్ అంచున ఒంటరిగా నిలబడాలి. తెలివి, ఒడుపు ఉన్నవాడు లోపల త్వరగా కుదురుకుంటాడు. రెండు పక్షాలూ ‘లైన్‌మన్’ అని ఒకే మాట వాడుతూ, ఒకరు టాకిల్ గురించీ మరొకరు సెంటర్ గురించీ మాట్లాడుతున్నారు. ఈ వాదంలో సగం చిక్కు అక్కడే ఉంది.

సిన్సినాటి, 2021

రెండు పక్షాలూ తమదేనని చెప్పుకునే ఉదాహరణ ఇది. 2020 నవంబరులో బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు చితికింది. మరుసటి ఏప్రిల్‌లో ఐదో పిక్ వచ్చేసరికి టాకిల్ పెనె సూవెల్, రిసీవర్ జమార్ చేజ్ ఇద్దరూ మిగిలి ఉన్నారు. క్వార్టర్‌బ్యాక్ మోకాలికి సర్జరీ అయి ఉంది, లైన్ బలహీనమని అందరికీ తెలుసు. అయినా బెంగాల్స్ చేజ్‌ను తీసుకుంది. సూవెల్ ఏడో పిక్‌గా డెట్రాయిట్‌కు వెళ్లాడు.

చేజ్ తొలి సీజన్‌లోనే 1,455 గజాలు సాధించాడు. జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది. ఆ దారిలో టెనెసీ చేతిలో బరో తొమ్మిది శాక్‌లు తిన్నాడు, ఫైనల్లో ఇంకో ఏడు. రామ్స్ 23–20తో ముందున్నప్పుడు చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్, ఒక్క గజం కావాలి. బరో వెనక్కి అడుగువేశాడు. దూరంగా చేజ్ తన మీదున్న డిఫెండర్‌ను దాటేసి ముందుకు పోతున్నాడు. అంతలో ఆరన్ డొనాల్డ్ లోపలి నుంచి చీల్చుకొచ్చి బరోను తిప్పేశాడు. బంతి ఎటో ఎగిరి నేలపడింది.

అవసరం పక్షంవాళ్లు దీన్ని చూపి లైన్ లేకపోతే చేజ్ ఉండి ఏం లాభమంటారు. అటువైపువాళ్లు, చేజ్ లేకపోతే ఆ ఫైనల్ ఎక్కడిదంటారు. కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది. అప్పటికి ఇరవయ్యేళ్ల సూవెల్ 2020 సీజన్ ఆడనేలేదు. డెట్రాయిట్‌లో అతణ్ణి కొత్తగా కుడి వైపుకు మారిస్తే మొదట్లో తడబడ్డాడు. 2023లో ఆల్-ప్రో అయ్యాడు. అంటే తక్షణ అవసరం పేరుతో అందరూ సిఫారసు చేసిన మనిషి అసలు విలువ రెండేళ్ల తర్వాత తేలింది. పైగా ఆఖరి ఆటలో గండిపడింది లోపలివైపు. టాకిల్‌గా సూవెల్ ఉన్నా డొనాల్డ్ దారి మూసుకునేది కాదు. ఈ ఒక్క ఉదాహరణతో ఎవరూ గెలవలేరు. దీన్ని ఇంత నమ్మకంగా ఇద్దరూ ఎందుకు వాడుతున్నారన్నదే ఆశ్చర్యం.

ఎదుటి వైపు లైన్

డిఫెన్సివ్ లైన్ దగ్గర ఇదే వాదం కొంచెం రూపు మార్చుకుంటుంది. 2022లో జాక్సన్‌విల్ మొదటి పిక్‌తో ట్రవాన్ వాకర్‌ను తీసుకుంది. జార్జియాలో మొత్తం కెరీర్‌లో అతని శాక్‌లు 9.5. రెండో పిక్ ఏడెన్ హచిన్సన్ మిషిగన్‌లో ఒక్క చివరి సీజన్‌లోనే 14 చేశాడు. లీగ్‌లో మొదటి ఏడాది హచిన్సన్‌కు 9.5, వాకర్‌కు 3.5. ఆ తర్వాత వాకర్ వరసగా రెండేళ్లు పది, పదిన్నర చేసి తేరుకున్నాడు. సత్తా పక్షం తప్పలేదు, అలాగని గెలవనూ లేదు. ఎదురుచూసి సంపాదించినది, పక్కన సిద్ధంగా ఉన్నదానికన్నా మించిందేమీ కాదు. డొనాల్డ్ కథ దీనికి తోడు. డిఫెన్సివ్ టాకిల్‌కు పొట్టి అన్నారు, 2014లో 13వ పిక్ దాకా మిగిలాడు, లీగ్ ఉత్తమ డిఫెండర్‌గా మూడుసార్లు నిలిచాడు. మిన్నెసోటా డానియెల్ హంటర్ మాత్రం దీనికి తలకిందులు. కాలేజీ చివరి ఏడాది అతని శాక్‌లు ఒకటిన్నరే. మూడో రౌండ్‌లో వచ్చి ఎన్నో ఏళ్లు క్వార్టర్‌బ్యాక్‌లను తరిమాడు.

రౌండ్ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటి పిక్‌తో పచ్చివాణ్ణి తీసుకుంటే వదులుకున్నది కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది. మూడో రౌండ్‌లో అదే పని చేస్తే పోయేదేమీ లేదు.

అర్థశాస్త్రవేత్తల లెక్క

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ కలిసి చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. జట్లు తమ అంచనాను అతిగా నమ్ముకుంటాయని వాళ్లు చూపారు. ఒకే స్థానంలో ముందు ఎంపికైనవాడు, ఆ వెంటనే ఎంపికైనవాడికన్నా మెరుగ్గా తేలే అవకాశం వాళ్ల లెక్కలో సుమారు 52 శాతమే. ఇద్దరు టాకిల్స్‌లో ‘వీడిలో సత్తా ఎక్కువ’ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. ఒక్క లైన్‌మన్ కోసం నాలుగు పిక్‌లు ధారపోసి పైకెక్కడం కన్నా, నలుగురిని తీసుకుని ఇద్దరు నిలుస్తారని ఆశించడం మేలని దీని సారం. అయితే ఇది సరాసరి లెక్క. ఏ జట్టులో ఎవరు నేర్పుతున్నారన్నది ఇందులో లేదు.

నేర్పేవాడి పాత్ర

రెండు పక్షాలూ సత్తాను ఆటగాడి ఒంట్లో ఉన్న వస్తువులా చూస్తాయి. ఫిలడెల్ఫియా అనుభవం చూస్తే అది సగమే నిజమనిపిస్తుంది. 2018 ఏడో రౌండ్‌లో, 233వ పిక్‌గా, ఆ జట్టు జోర్డన్ మైలాటాను తీసుకుంది. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడినవాడు, 6 అడుగుల 8 అంగుళాల మనిషి, అంతకుముందు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. రెండు సీజన్లు అతణ్ణి మ్యాచ్‌లలో దింపనేలేదు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ అడుగు వేయడం దగ్గర్నుంచి నేర్పాడు. ఈలోగా, 2019లో, అదే జట్టు పిక్‌లు అదనంగా ఇచ్చి పైకెక్కి మొదటి రౌండ్‌లో ఆండ్రె డిలార్డ్‌ను అదే ఎడమ టాకిల్ స్థానానికి తెచ్చింది. 2021 శిబిరంలో ఇద్దరికీ పోటీ పెడితే మైలాటా గెలిచాడు.

న్యూయార్క్ జెట్స్ 2020లో 11వ పిక్‌గా తీసుకున్న మెకై బెక్టన్ గాయాలతో, నిరాశతో అక్కడి నుంచి బయటపడ్డాడు. 2024లో ఫిలడెల్ఫియాకు వస్తే స్టౌట్‌లాండ్ అతణ్ణి గార్డ్‌గా మార్చాడు. సీజన్ చివర 40–22తో గెలిచిన సూపర్ బౌల్ లైన్‌లో బెక్టన్ ఉన్నాడు. మనిషి అతనే, ఒళ్లూ అదే. మారింది చోటు, నేర్పే చెయ్యి.

ఫిలడెల్ఫియా అవసరాన్ని కూడా రెండేళ్ల ముందే చూసింది. కెల్సీ ఇంకా ఆల్-ప్రో స్థాయిలో ఆడుతుండగానే 2022 రెండో రౌండ్‌లో సెంటర్ కామ్ జర్గెన్స్‌ను తెచ్చింది. ఆ ఎంపికకు ముందు కెల్సీ అభిప్రాయం కూడా అడిగారు. జర్గెన్స్ ఒక ఏడాది బెంచీ మీద, ఒక ఏడాది గార్డ్‌గా గడిపి, కెల్సీ విరమించాక 2024లో సెంటర్ అయ్యాడు. ఇది సత్తా పక్షమా, అవసరం పక్షమా? ఎల్లుండి అవసరానికి ఇవాళ్టి సత్తా. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో గట్టిగా నిలబడే మార్గం ఇదే. ఇవాళ్టి గండిని ఫ్రీ ఏజెన్సీలో అనుభవజ్ఞుడితో పూడ్చాలి, డ్రాఫ్ట్‌ను ఎల్లుండికి వాడాలి. కానీ నేర్పే కోచ్ లేని జట్టు, లేదా రెండేళ్లకో కోచ్‌ను మార్చే జట్టు ఈ దారి పట్టకూడదు. అలాంటిచోట పచ్చి టాకిల్‌ను తీసుకోవడం ఆ కుర్రాడికీ, అతని వెనక నిలబడే క్వార్టర్‌బ్యాక్‌కూ అన్యాయం.

ఇంకా తేలనివి

నేర్పే సమయం తగ్గిపోయింది. 2011 ఒప్పందం రోజుకు రెండు పూటల సాధనను ఎత్తేసింది, సీజన్ నడిచేటప్పుడు ప్యాడ్లు వేసుకుని ఢీకొనే సాధనలను 14కు కుదించింది. ఆటగాళ్ల తలలు, కీళ్లు కాపాడటానికి అది చేయవలసిన పనే. కానీ ఒంటికి ఒళ్లు తగిలితే తప్ప నేర్చుకోలేని స్థానం లైన్‌మన్‌దే. అటు కాలేజీల్లో స్ప్రెడ్ అఫెన్స్ వచ్చాక చాలామంది లైన్‌మన్లు నేలమీద చెయ్యి ఆనించి మూడు కాళ్ల భంగిమలో మొదలుపెట్టడమే అరుదైంది. నిలబడి, బంతి త్వరగా వెళ్లిపోయే ఆట ఆడి వస్తున్నారు. కాబట్టి ‘సిద్ధంగా ఉన్నవాడు’ అనే మాటకు పాత అర్థం మిగల్లేదు. ఇప్పుడు వచ్చే ప్రతి టాకిలూ ఎంతోకొంత పచ్చివాడే. అదే నిజమైతే అవసరం పక్షం తన సూత్రాన్ని ఎవరి మీద అమలు చేస్తుంది?

గడియారం సంగతి ఇంకా చిక్కు. డ్రాఫ్ట్ అయినవాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ ఆటగాడి ఐదో ఏడాదిపై జట్టు మూడో సీజన్ ముగిశాక మే నెలలోగా నిర్ణయం చెప్పాలి. రెండేళ్లు నేర్చుకునేవాడైతే, ఒక్క సీజన్ ఆట చూసి కోట్ల డాలర్ల మాట ఇవ్వాలి. ఏడో రౌండ్‌లో వచ్చిన మైలాటాకు ఆ ఐదో ఏడాది వెసులుబాటు కూడా లేదు. ఫిలడెల్ఫియా 2020లో అతను మొదటి నుంచి ఆడిన పది మ్యాచ్‌లు చూసి, 2021 సెప్టెంబరులో నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. అది ఫలించింది. అంతే తక్కువ ఆధారంతో అంత పెద్ద మాట ఇవ్వడం మిగతా 31 జట్లకు ఆచరణలో పద్ధతి కాగలదా, లేక ఒక్క కోచ్ మీద ఒక జట్టు పెట్టుకున్న నమ్మకమేనా అన్నది రాబోయే డ్రాఫ్ట్‌లలో ఏడో రౌండ్ టాకిల్స్ ఎక్కడెక్కడ నిలదొక్కుకుంటారో చూస్తేనే తెలుస్తుంది.